షార్ట్ బ్యారెల్ రైఫిల్ ట్రస్టు: కుటుంబంలో ఎవరి పేర్లు రాయాలి, ఏ కాగితాలు పెట్టాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నారు, అమెరికా పౌరసత్వం వచ్చింది. మీ ఏఆర్-15కు 10.5 అంగుళాల బ్యారెల్ (తుపాకీ గొట్టం) బిగించి షార్ట్ బ్యారెల్ రైఫిల్‌గా మార్చుకుందామనుకుంటున్నారు. మీ ఆవిడకు గ్రీన్ కార్డు ఉంది. మీతో పాటే ఉంటున్న బావమరిది హెచ్-1బి మీద ఉన్నాడు. నాన్నగారు ఏటా బి-2 వీసా మీద వచ్చి కొన్ని నెలలుండి వెళ్తారు. ఒక ట్రస్టు పెట్టి నలుగురినీ ట్రస్టీలుగా రాస్తే ఇంట్లో ఎవరు ముట్టుకున్నా ఇబ్బంది ఉండదని స్నేహితుడెవరో చెప్పారు. అది నిజమా అన్నది మీ ప్రశ్న.

సగమే నిజం. మీరూ మీ ఆవిడా ట్రస్టీలుగా ఉండొచ్చు. బావమరిదినీ నాన్నగారినీ మాత్రం పెట్టకండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే మన కుటుంబాల్లో ఈ విషయం దగ్గరే అసలు ప్రమాదం ఉంది. ఫారాలు నింపడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ట్రస్టు పత్రంలో ఎవరి పేరు రాస్తున్నామన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

నేను ఇక్కడ టెక్సాస్‌లోనే వీలునామాలు, ట్రస్టులు చూసే లాయర్ దగ్గర పారాలీగల్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. తుపాకుల ట్రస్టు ఫైళ్లు నేనే సిద్ధం చేస్తాను. నేను లాయర్‌ని కాను కాబట్టి చివరి మాట మీ లాయర్‌దే. కానీ ఆయన దగ్గరికి వెళ్లేలోపు మీకు తెలిసి ఉండాల్సినవి ఇవి.

ముందు చట్టం. బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా ఆ రైఫిల్ 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ పరిధిలోకి వస్తుంది. దాన్ని ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు అమలుచేసే సమాఖ్య సంస్థ) దగ్గర ముందే దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకే తయారు చేయాలి. "ఇప్పుడు ట్యాక్స్ లేదు కదా, ఇంకా ఈ కాగితాలెందుకు" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం వల్ల 2026 జనవరి 1 నుంచి షార్ట్ బ్యారెల్ రైఫిల్, షార్ట్ బ్యారెల్ షాట్‌గన్, సప్రెసర్‌ల (శబ్దం తగ్గించే పరికరాల) మీద 200 డాలర్ల పన్ను సున్నా అయింది. మెషిన్ గన్‌కీ డిస్ట్రక్టివ్ డివైస్‌కీ (గ్రెనేడ్ లాంటివాటికి) ఆ 200 అలాగే ఉంది. అయితే సున్నా అయింది పన్ను మాత్రమే. దరఖాస్తు, వేలిముద్రలు, ఫొటో, అనుమతి, రిజిస్ట్రేషన్ అన్నీ ఉన్నాయి. రిజిస్టర్ కాని షార్ట్ బ్యారెల్ రైఫిల్ దగ్గరుంటే పదేళ్ల వరకు జైలు పడొచ్చు, అది తగ్గలేదు. పన్ను లేనప్పుడు రిజిస్ట్రేషన్ మాత్రం ఎందుకుండాలని కోర్టుల్లో దావాలు వేశారు. అవి ఎటు తేలినా, తేలేదాకా మీరు చేయాల్సింది రిజిస్టర్ చేసుకోవడమే.

ఇక ట్రస్టు మీకు నిజంగా కావాలా? మీ పేరు మీదే విడిగా రిజిస్టర్ చేసుకుంటే ఆ రైఫిల్ మీ ఒక్కరి చేతిలోనే ఉండాలి. మీరు పక్కనుండగా రేంజ్‌లో మీ ఆవిడ కాల్చడం వేరు. మీరు నెల రోజులు హైదరాబాద్ వెళ్లారు, ఇంట్లో సేఫ్ నంబర్ ఆవిడకు తెలుసు అనుకోండి. అప్పుడు ఆ రైఫిల్ ఎవరి ఆధీనంలో ఉన్నట్టు? ఆమెకు అనుమతి లేని ఆయుధం ఆమె చేతికి అందుబాటులో ఉన్నట్టే. ట్రస్టు పేరుమీద ఉంటే, ఆమె ట్రస్టీ అయితే, ఈ ఇబ్బంది ఉండదు. రేపు మీకేమైనా అయినా, తర్వాతి ట్రస్టీ దాన్ని చట్టబద్ధంగా భద్రపరచగలరు. ఈ రెండు కారణాలకే ట్రస్టు పెట్టుకోండి.

"ట్రస్టు అయితే వేలిముద్రలు అక్కర్లేదు, పోలీసులకు తెలియక్కర్లేదు" అని ఇంకా ఎక్కడైనా కనిపిస్తే అది పాత సమాచారం. 2016 జూలై 13కు ముందు విడిగా దరఖాస్తు పెట్టేవారు స్థానిక పోలీసు అధికారి సంతకం తెచ్చుకోవాల్సి వచ్చేది. ట్రస్టులకు ఆ బాధ లేదు. అందుకే అప్పట్లో ట్రస్టులు అంతగా పెరిగాయి. ఆ రోజు అమల్లోకి వచ్చిన నిబంధనను 41ఎఫ్ అంటారు. అది సంతకం పద్ధతిని తీసేసింది. దానికి బదులు ట్రస్టులో బాధ్యత ఉన్న ప్రతి మనిషీ (వీళ్లనే రెస్పాన్సిబుల్ పర్సన్ అంటారు) ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలని, స్థానిక అధికారికి సమాచారం పంపాలని పెట్టింది. కాబట్టి ఇప్పుడు ట్రస్టులో ఎంతమంది ఉంటే అన్ని రెట్ల కాగితాలు.

ఇప్పుడు మీ బావమరిది సంగతి. సమాఖ్య చట్టం 18వ టైటిల్, సెక్షన్ 922లో (జి)(5)(బి) అని ఒక ఉపవిభాగం ఉంది. నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఈ దేశంలోకి వచ్చినవాళ్లు ఏ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అది చెబుతుంది. షార్ట్ బ్యారెల్ రైఫిల్ ఒక్కటే కాదు, మామూలు పిస్టల్ కూడా. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2 అన్నీ దీని కిందికే వస్తాయి. ఐ-140 (కంపెనీ పెట్టే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదమై ఏళ్ల తరబడి క్యూలో ఉన్నా, ఇల్లు కొనుక్కున్నా, పన్నులు కడుతున్నా హెచ్-1బి హెచ్-1బియే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. అందుకే మీ ఆవిడ ఉండొచ్చు అన్నాను. స్టేటస్ సర్దుబాటు దరఖాస్తు పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేసేవాళ్ల విషయం ఒక్కొక్కరి కాగితాలను బట్టి మారుతుంది. అలాంటివారు ఇమిగ్రేషన్ లాయర్‌నీ తుపాకీ చట్టం తెలిసిన లాయర్‌నీ ఇద్దరినీ అడిగాకే అడుగు వేయాలి.

"వేట లైసెన్స్ తీసుకుంటే సరిపోతుందట కదా" అని మీ వాడు అడుగుతాడు. ఆ మినహాయింపు నిజంగానే ఉంది. అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్స్ చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. హెచ్-1బి మీద ఉన్న మనవాళ్లు చాలామంది దాని మీదే మామూలు తుపాకులు కొంటున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఇచ్చే వేట లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న పనిలో పడి రెన్యూ చేయడం మరచిపోయాడనుకోండి. ఆ ఉదయం నుంచీ అతను నిషేధిత వ్యక్తి. అదే ఉదయం అతను మీ ట్రస్టులో ట్రస్టీ కూడా, సేఫ్ తాళం అతని జేబులో ఉంది. ఒక్క లైసెన్స్ మీద, ఒక్క తేదీ మీద ఒక మనిషి వలస భవిష్యత్తును ఆనించడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. ఎవరు అడిగినా వద్దనే చెబుతాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పౌరుడికి జైలుతో అయిపోయేది పౌరసత్వం లేనివారికి అక్కడితో ఆగదు. వలస చట్టం ప్రకారం తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ఉల్లంఘన, అంటే 26వ టైటిల్ సెక్షన్ 5861, అగ్రవేటెడ్ ఫెలనీల (వలస చట్టం అతి తీవ్రంగా చూసే నేరాల) జాబితాలోనే ఉంది. ఇది మీ బావమరిదికే కాదు, గ్రీన్ కార్డు ఉన్న మీ ఆవిడకూ వర్తిస్తుంది. పేపర్లలో ఏ చిన్న నిర్లక్ష్యం జరిగినా మీకంటే ఆమె ఎక్కువ నష్టపోతుంది. ఆమెను ట్రస్టీగా పెట్టేముందు ఈ మాట ఆమెకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. ఆమె ఆలోచించుకుని సరేనన్నాకే సంతకం పెట్టించండి.

ట్రస్టులో పేరు లేనంత మాత్రాన బావమరిది విషయం తీరిపోదు. ఒకే ఇంట్లో ఉంటున్నారు కాబట్టి సేఫ్ నంబర్ అతనికి తెలియకూడదు, తాళం అతనికి అందే చోట ఉండకూడదు. నాన్నగారు వచ్చినప్పుడూ అంతే. ఇంట్లో పెద్దాయన దగ్గర దాచడమేంటి అనిపిస్తుంది, కానీ ఆయన మీద గౌరవం ఉన్నందుకే ఆ ఇబ్బంది ఆయన దగ్గరికి రానివ్వకూడదు.

ఇక ట్రస్టు పత్రం. మన ఊళ్లో ట్రస్టు అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లడం గుర్తొస్తుంది. ఇక్కడ రివోకబుల్ లివింగ్ ట్రస్టును (బతికుండగానే పెట్టి, కావాలంటే రద్దు చేసుకోగలిగేదాన్ని) ఏ ఆఫీసులోనూ రిజిస్టర్ చేయక్కర్లేదు. పత్రం రాసి, సంతకాలు పెట్టి, నోటరీ చేయించుకుంటే చాలు. పెట్టేవారు మీరు, అంటే సెట్లర్. ట్రస్టీలు మీరూ మీ ఆవిడా. మీ తర్వాత చూసుకునే సక్సెసర్ ట్రస్టీగా తుపాకీ ఉంచుకోవడానికి అర్హత ఉన్న నమ్మకస్తుణ్ని పెట్టండి. మీ మరణం తర్వాతో, మీరు చేయలేని స్థితిలోనో తప్ప అతనికి ఏ అధికారమూ లేదని పత్రంలో స్పష్టంగా ఉండాలి. అలా లేకపోతే అతను కూడా ఇప్పుడే ఫొటో, వేలిముద్రలు ఇవ్వాల్సిన రెస్పాన్సిబుల్ పర్సన్ అయిపోతాడు. లబ్ధిదారులుగా పిల్లల్ని రాసుకోవచ్చు. టెక్సాస్ చట్టంలో ఒకే మనిషి ఏకైక ట్రస్టీ, ఏకైక లబ్ధిదారు రెండూ అయితే ట్రస్టు నిలవదు, కాబట్టి లబ్ధిదారుగా మరొకరు తప్పకుండా ఉండాలి. బావమరిదిని ఏదో ఒక రకంగా చేర్చాలని ఉంటే లబ్ధిదారుగా చేర్చండి. లబ్ధిదారుకు ఆయుధాన్ని చేతిలో ఉంచుకునే హక్కు గానీ, ట్రస్టును నడిపే హక్కు గానీ లేదని, పంపకం జరిగే రోజుకు చట్టప్రకారం అర్హత ఉంటేనే అందుతుందని అందులో రాయించండి.

ఇల్లూ బ్యాంకు ఖాతాలూ పెట్టుకున్న మామూలు కుటుంబ ట్రస్టులో దీన్ని కలపకండి. ఆ పత్రాల్లో నిషేధిత వ్యక్తుల గురించిన షరతులు ఉండవు. ట్రస్టీల్లో నాన్నగారి పేరో అత్తగారి పేరో ముందే ఉండి ఉంటుంది. తుపాకులకు వేరే ట్రస్టు పెట్టుకోవడమే మేలు.

పేరు చిన్నది పెట్టండి. దీనికి కారణం ఇనుము మీద చెక్కించాల్సి రావడం. రైఫిల్‌ను షార్ట్ బ్యారెల్‌గా మార్చేది ట్రస్టు కాబట్టి చట్టం దృష్టిలో తయారీదారు ట్రస్టే. ఆ పేరు, ఊరు, రాష్ట్రం తుపాకీ మీద కనీసం 0.003 అంగుళం లోతున చెక్కించాలి. మీ ఇంటిపేరు, మీ పూర్తి పేరు, "రివోకబుల్ లివింగ్ ట్రస్ట్", పైగా తేదీ కూడా కలిపి పెడితే రిసీవర్ (తుపాకీ మధ్యభాగపు చట్రం) మీద చోటు చాలదు. "పెన్నా ట్రస్ట్" లాంటిదేదైనా చాలు. పత్రంలో ఎలా ఉందో ఫారంలోనూ ఇనుము మీదా అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి.

ఇప్పుడు మనవాళ్లందరికీ తలనొప్పి తెచ్చే విషయం: మనుషుల పేర్లు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, పేరు రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్స్‌లో ఆ రెండో ముక్క మిడిల్ నేమ్ అవుతుంది. గ్రీన్ కార్డులో చోటు చాలక ఒక ముక్క తెగిపోతుంది. మీ ఆవిడ పాస్‌పోర్ట్ పుట్టింటి ఇంటిపేరుతో ఉండి, ఇక్కడ లైసెన్స్ మీ ఇంటిపేరుతో ఉండొచ్చు. వేలిముద్రలు తీసేచోట అడిగినప్పుడు మనం నోటితో చెప్పింది ఇంకో రకంగా పడుతుంది. ట్రస్టు పత్రం, ఫారం, వేలిముద్రల కార్డు మూడింటిలోనూ ఒకే పేరు ఉండాలి. ఏది వాడాలో ముందే నిర్ణయించుకోండి. ప్రస్తుతం చెల్లుతున్న ప్రభుత్వ గుర్తింపు కార్డు మీద ఉన్నదే వాడమని నా సలహా. మిగతా రూపాలన్నీ, పుట్టింటి పేరుతో సహా, రెస్పాన్సిబుల్ పర్సన్ ఫారంలో ఇతర పేర్ల గడిలో రాయండి. ఆ గడి ఉన్నదే అందుకు. ఇంకొకటి, ఓసీఐ కార్డు భారత పౌరసత్వం కాదు. పౌరసత్వం అడిగినచోట మీరు అమెరికా ఒక్కటే రాయాలి, పుట్టిన దేశం దగ్గర భారతదేశం రాయాలి. మీ ఆవిడ పౌరసత్వం దగ్గర భారతదేశం రాసి, గ్రీన్ కార్డు మీదున్న ఏలియన్ నంబర్ ఇవ్వాలి.

అసలు దరఖాస్తు ఏటీఎఫ్ ఫారం 1. షాపులో సిద్ధంగా ఉన్న షార్ట్ బ్యారెల్ రైఫిల్ కొంటే అది ఫారం 4, అప్పుడు కాగితాల పని ఎక్కువ భాగం డీలర్ చూసుకుంటాడు. మీరు మార్చుకుంటున్నారు కాబట్టి ఫారం 1, ఏటీఎఫ్ వారి ఈఫారమ్స్ సైట్‌లో పెట్టొచ్చు. దరఖాస్తుదారు ట్రస్టు అని ఎంచుకోండి. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబర్ మీ లోయర్ రిసీవర్ (ట్రిగ్గర్ ఉండే కింది భాగం) మీద చెక్కి ఉన్నది చూసి రాయండి. పెట్టె మీదున్నది కాదు, అప్పర్ (బ్యారెల్ బిగించి ఉండే పై భాగం) కంపెనీ పేరు కాదు. సీరియల్ నంబర్ కొత్తది పెట్టుకోకండి, ఉన్నదే వాడాలి. మొత్తం పొడవు స్టాక్ (భుజానికి ఆనించే భాగం) పూర్తిగా బయటికి లాగి కొలుస్తారు. బ్యారెల్ పొడవుకు, అనుమతి వచ్చాక సరిచూసుకునేటప్పుడు, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ (తూటా వెనక మూసుకునే భాగం) మూసి, మూతి వైపు నుంచి సన్నని చెక్కపుల్ల బోల్ట్ ముఖానికి తగిలేదాకా దించండి. మూతి దగ్గర గీత పెట్టి, పుల్ల బయటికి తీసి టేప్‌తో కొలవండి. శాశ్వతంగా అతికించిన మజిల్ డివైస్ (బ్యారెల్ మూతికి తగిలించేది) అయితేనే అది కొలతలో కలుస్తుంది, తిప్పి ఊడదీసేది కలవదు. దరఖాస్తులో మాత్రం కంపెనీ చెప్పిన 10.5 రాసుకోవచ్చు.

ట్రస్టు పత్రం మొత్తం స్కాన్ చేసి జతచేయాలి. అంటే ప్రతి పేజీ, సంతకాలు, నోటరీ ముద్ర ఉన్న పేజీ, సవరణలు, ఆస్తుల షెడ్యూల్, అన్నీ. వెనక్కి వచ్చిన దరఖాస్తుల్లో నేను ఎక్కువగా చూసింది షెడ్యూల్ పేజీ లేకపోవడమే. ఇప్పుడు ఆ లోయర్ మీ సొంత పేరున ఉంది కాబట్టి దాన్ని ట్రస్టుకు రాసిచ్చిన అసైన్‌మెంట్ కాగితం ఒకటి చేసి షెడ్యూల్‌లో ఎక్కించండి.

మీకూ మీ ఆవిడకూ చెరొక 5320.23 (రెస్పాన్సిబుల్ పర్సన్) ఫారం ఉండాలి. చెరొక రెండు అంగుళాల చదరపు ఫొటో, ఏడాదిలోపు తీయించుకున్నది. వేలిముద్రలు కాగితం మీదైతే ఒక్కొక్కరికి రెండు ఎఫ్‌డీ-258 కార్డులు, ఈఫారమ్స్‌లోనైతే ఈఎఫ్‌టీ (ఎలక్ట్రానిక్ వేలిముద్రల) ఫైల్. తర్వాత ఫారం 1 కాపీ, మీ ఇద్దరి 5320.23 కాపీలు చీఫ్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్‌కు, అంటే పైన చెప్పిన స్థానిక అధికారికి పంపాలి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది కాబట్టి ఎవరికి పంపాలని కంగారు పడతారు. మీ ఊరి పోలీస్ చీఫ్‌కు పంపినా చాలు, మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో ఆ షెరీఫ్‌కు పంపినా చాలు. ఫొటోలు, వేలిముద్రలు వాళ్లకు పంపక్కర్లేదు. వాళ్ల అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు, ఇది సమాచారం ఇవ్వడం మాత్రమే. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు ఫైల్లో పెట్టుకోండి.

అనుమతి వచ్చేదాకా ఆ 10.5 అంగుళాల అప్పర్ కొనకండి. బిగించకుండా పక్కన పెట్టుకుంటే ఏమవుతుందని అడుగుతారు. ఆ పొట్టి అప్పర్‌కు మీ ఇంట్లో ఉన్న రైఫిల్ మీద బిగించడం తప్ప వేరే చట్టబద్ధమైన వాడకం లేకపోతే, విడిగా ఉన్నా తయారైనట్టే లెక్కగట్టే అవకాశం ఉంది. విడిభాగాలు ఎప్పుడు ఆయుధం అవుతాయన్నది 1992లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన విషయం. అమ్మకంలో ధర తగ్గిందనో, షాపులో సరుకు అయిపోతుందనో తొందరపడొద్దు. చెక్కించడం కూడా అనుమతి వచ్చాకే, బిగించే ముందు చేయించండి. ముందే చెక్కించి, తర్వాత దరఖాస్తు తిరస్కరణ అయితే ఆ రాత రిసీవర్ మీద అలాగే ఉండిపోతుంది.

ఆమోదం వచ్చిన ఫారం ఒరిజినల్ ఇంట్లో దాచి, కాపీ రైఫిల్ సంచిలో, ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ఏటీఎఫ్ అడిగితే రిజిస్ట్రేషన్ రుజువు చూపించాలని చట్టంలోనే ఉంది. రేంజ్‌కు మీ ఆవిడ ఒక్కరే తీసుకెళ్తే ట్రస్టు పత్రం కాపీ కూడా ఆమె దగ్గర ఉండాలి, ఎందుకంటే ఫారం మీద ట్రస్టు పేరే ఉంటుంది గానీ ఆమె పేరు ఉండదు. మీకు ఓక్లహోమా సరిహద్దు దగ్గరే. కానీ ఒక్క రోజు వేటకైనా, ఇల్లు మారడానికైనా రాష్ట్రం దాటించాలంటే ముందుగా 5320.20 ఫారం మీద ఏటీఎఫ్ అనుమతి ఉండాలి. తరచూ వెళ్లేచోటికి ఏడాది వరకు గడువుతో ఒకేసారి అడగొచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాలు మామూలు మనిషి దగ్గర షార్ట్ బ్యారెల్ రైఫిల్ ఉండనివ్వవు. ఉద్యోగం మారి అటు వెళ్లే ఆలోచన ఉంటే ఇదంతా మొదలుపెట్టే ముందే ఆలోచించుకోండి.

మీ తర్వాత ఆ రైఫిల్ పిల్లలకు వెళ్లాలంటే సక్సెసర్ ట్రస్టీ ఏటీఎఫ్ దగ్గర ఫారం 5 (పన్ను లేని బదిలీ దరఖాస్తు) పెట్టాలి. అది ఆమోదమయ్యేదాకా ట్రస్టు దగ్గరే ఉంటుంది.

బావమరిదికి గ్రీన్ కార్డు వచ్చాక అతన్ని ట్రస్టీగా చేర్చుకోవడానికి ఒక సవరణ పత్రం రాసి, నోటరీ చేయించి, ట్రస్టుతో కలిపి పెట్టండి. అప్పటికే ఆమోదమైన రైఫిల్ కోసం ఏటీఎఫ్‌కు మళ్లీ ఏమీ పంపక్కర్లేదు. కానీ ఆ తర్వాత మీ ట్రస్టు ఏ కొత్త దరఖాస్తు పెట్టినా అతని 5320.23, ఫొటో, వేలిముద్రలు అందులో ఉండాలి. ఇరవై నాలుగు నెలల్లోపు ఆమోదమైన దరఖాస్తు ఉండి, ఏ మార్పూ లేకపోతే పత్రాలన్నీ మళ్లీ పంపకుండా మార్పు లేదని ధ్రువీకరిస్తే చాలనే వెసులుబాటు ఉంది. అతన్ని చేర్చినప్పుడు మార్పు జరిగినట్టే, ఆ వెసులుబాటు వాడకండి. పూర్తి ట్రస్టు కాపీ మళ్లీ పంపండి.